ఓబులేసుకేం తక్కువ?

మొన్న శ్రావణంలో మా పులివెందుల అల్లుడి యింటికి వెళ్ళాను. అమ్మాయికి రెండో కాన్పు. మొగపిల్లవాడు. ఇరవై ఒకటో రోజున తొట్లో వేసి పేరు పెట్టాలని ముహూర్తం. నేను రెండు రోజులు ముందే వెళ్ళి కూచున్నాను. వెళ్ళేసరికి నట్టింట్లో చాప మీద జనమంతా గుండ్రంగా కూచుని వొక కాగితం మీదికి వంగి వున్నారు. ఏ భూమి దస్తావేజో కాబోలు అనుకున్నాను. కాదు. సెల్‌ఫోన్‌లోంచి దింపి అచ్చు వేయించిన పేర్ల జాబితా! ఎడమపక్క పేరు, కుడిపక్క దాని అర్థం.

పిల్లవాడిది స్వాతి నక్షత్రం, రెండో పాదం. స్వాతికి రు, రే, రో, త అని పంచాంగంలో అక్షరాలు. రెండో పాదం గనక 'రే'తో మొదలుకావాలని అయ్యవారు చెప్పి వెళ్ళారట. అందుకని మొట్టమొదటి పేరే అందరికీ నచ్చేసింది. రేయాంశ్! పక్కన అర్థం: సూర్యకిరణంలో వొక భాగం.

నేను కళ్ళజోడు సవరించుకుని, “రేయి అంటే మన భాషలో రాత్రి గదమ్మా! రాత్రిలో వొక ముక్క అని అర్థం వస్తుందేమో చూసుకోండి” అన్నాను.

“అది తెలుగు కాదు నాయనా, సంస్కృతం” అంది మా అమ్మాయి.

సంస్కృతంలో అంశ అంటే భాగం, ఒప్పుకున్నాను. కాని కిరణాన్ని 'రే' అనేది ఇంగ్లీషువాడు. తల ఇంగ్లీషుది, తోక సంస్కృతానిది, మోయవలసింది మాత్రం మన బిడ్డ. ఆడపిల్లల జాబితా కూడా చూశాను. 'హన్విక' అంటే తేనె అని వుంది. తేనెని 'హనీ' అనేవాడు కూడా ఆ ఇంగ్లీషువాడే. సంస్కృతంలో 'హన్' అనే ధాతువుకి చంపుట అని అర్థం. హత్య, హంతకుడు అన్నీ ఆ యింటి బిడ్డలే. తేనె అనుకుని నోట్లో వేసుకుంటే యేమవుతుందో ఆ జాబితా కట్టినవాడికే తెలియాలి.

“సరే, నువ్వే వొకటి చెప్పు మామా” అన్నాడు అల్లుడు, మర్యాదకి.

“ఓబులేసు” అన్నాను.

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న అల్లుడి తమ్ముడు, “మామ భలే జోకులేస్తాండాడే” అన్నాడు. నట్టిల్లంతా నవ్వింది. ఎనిమిదేళ్ళ మా మనవరాలు మాత్రం నవ్వలేదు. నా మోకాలు పట్టుకుని, “అబ్బా, ఓబులేసు అంటే మీనింగ్ ఏంది?” అని అడిగింది.

చిత్తశుద్ధిగా అడిగిన ప్రశ్న అది. చప్పున జవాబు తోచలేదు. ఆ రాత్రి మిద్దె మీద పడుకుని తెల్లవార్లూ ఆలోచిస్తే తోచింది. ఆ జవాబే యిక్కడ పాఠక మహాశయుల ముందు పెడుతున్నాను.

అహోబిలం అని నరసింహస్వామి క్షేత్రం వుంది. ఇప్పుడది 2022లో యేర్పడిన నంద్యాల జిల్లాలోకి పోయిందిగాని దేవుడికి జిల్లా సరిహద్దులు లేవు గనక మా కడప జిల్లావాళ్ళకి యిప్పటికీ ఆయన యింటి దేవుడే. ఆ స్వామి అహోబలేశుడు. ఆయన పేరు నోళ్ళల్లో పడి, గుడిమెట్లు అరిగినట్టు అరిగి అరిగి, ఓబులేసు అయింది. ఓబులరెడ్డి, ఓబులయ్య, ఓబన్న, ఓబులమ్మ, అందరూ ఆయన సంతానమే. అరిగిన మెట్టు చూసి రాయి నాసిరకం అంటామా? ఎంతమంది యెక్కితే అంత అరిగిందో అని దణ్ణం పెడతాంగాని!

ఇదొక్కటే కాదు. పాతకాలపు వోటర్ల జాబితా వొకటి తెచ్చి మా జమ్మలమడుగు ప్రాంతంలో యేదో వొక వూరు తీయండి. అది జాబితా కాదు, గుళ్ళ పటం. పెంచలయ్య అంటే నెల్లూరు జిల్లా పెంచలకోన. మద్దిలేటి అంటే బేతంచెర్ల పక్క మద్దిలేటిస్వామి. కదిరప్ప అంటే కదిరి. కోదండరామిరెడ్డి అంటే ఒంటిమిట్ట. నారపురెడ్డి అంటే జమ్మలమడుగులోనే కొలువున్న నారాపుర వేంకటేశ్వరస్వామి. వీరాంజనేయులు అంటే మా పులివెందుల వైపు పాపఘ్ని ఒడ్డున గండిలో వెలసిన అంజన్న. బ్రహ్మయ్య, సిద్ధయ్య అంటే కందిమల్లాయపల్లె బ్రహ్మంగారూ, ఆయన ప్రియశిష్యుడైన దూదేకుల సిద్ధయ్యా. పేరు విన్న వెంటనే ఆ మనిషి తల్లి యే దిక్కుకి తిరిగి మొక్కుకుందో చెప్పవచ్చు. రేయాంశ్ తల్లి యే దిక్కుకి మొక్కుకుంది? టవరున్న దిక్కుకే గదా!

ఇంకా వుంది. మా సీమలో కుళ్ళాయప్ప అనే పేరు వింటే కొత్తవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. కుళ్ళాయి అంటే టోపీ. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు లేచే పీరు కుళ్ళాయిస్వామి. ఆయనకి మొక్కుకునేవాళ్ళలో హిందువులు లెక్కలేనంతమంది. వాళ్ళ బిడ్డలు కుళ్ళాయప్పలు, కుళ్ళాయిరెడ్లు. అట్లాగే మస్తానమ్మ, హుసేనమ్మ, పక్కీరప్ప. దస్తగిరి అనే పేరు తీసుకోండి. 'దస్త్' అంటే పారశీకంలో చేయి. 'గీర్' అంటే పట్టుకునేవాడు. ఆపదలో చేయి పట్టుకునేవాడు అని అర్థం. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ అనే మహనీయుడికి అది బిరుదు. అక్కడి బిరుదు యిక్కడి జొన్నచేలదాకా నడిచివచ్చి దస్తగిరిరెడ్డి అయింది. వుగాది నాడు దేవునికడప గుళ్ళో ముస్లిములు బీబీ నాంచారమ్మ పుట్టినిల్లు వరసన వచ్చి వెంకన్నకి కొబ్బరికాయ కొడతారే, ఆ కథకి యిది రెండో సగం. మతసామరస్యం గురించి వేదికలెక్కి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళున్నారు. మా వాళ్ళు వుపన్యాసం యివ్వలేదు. బిడ్డకి పేరు పెట్టి వూరుకున్నారు.

ఇక పుల్లయ్య, పెంటయ్య. వీటిని గురించి కాస్త గొంతు తగ్గించి మాట్లాడాలి. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, దక్కిన బిడ్డని ఎంగిలి పుల్లాకుల్లో పొర్లించి పుల్లయ్య అనేవారు. పెంటదిబ్బ మీద పడుకోబెట్టి యెత్తుకొచ్చి పెంటయ్య అనేవారు. బిచ్చమెత్తి తెచ్చుకున్నామని బిచ్చయ్య అనేవారు. దేవుడి కన్ను పడకుండా, యిది మాకు అక్కర్లేని బిడ్డ స్వామీ అని దొంగమాట చెప్పి దాచుకోవడం అన్నమాట. అంత అసహ్యమైన పేర్లలో అంత ప్రేమ దాచిన జాతి యింకోటి వుంటుందా? 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది యేడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. పుల్లయ్యలు కనబడకుండా పోవడానికి అదొక మంచి కారణం. టీకాలు వచ్చి పుల్లాకుల పని తప్పించాయి. అందుకు నాకు సంతోషమే. ఇప్పుడు పుట్టే పిల్లవాడికి పెంటయ్య అని పెట్టమని నేను చెప్పబోవడం లేదు.

అసలు పాతపేర్లన్నీ బంగారమని కూడా నేననడంలేదు. మహారాష్ట్రలో మూడో ఆడపిల్లకో, నాలుగో ఆడపిల్లకో 'నకోశీ' అని పేరు పెట్టేవారు. అంటే అక్కర్లేనిది. ఇది పుల్లయ్య లాంటి దొంగమాట కాదు, నిజంగానే అక్కర్లేదు! 2011లో సతారా జిల్లా అధికారులు అట్లాంటి 285 మంది పిల్లల్ని వొక్కచోట చేర్చి కొత్తపేర్లు పెట్టారు. చాలా మంచి పని చేశారు.

ఇంకొకటి, మా సీమకి సంబంధించింది. పేరొకటేగాని తోకలు వేరు. అదే ఓబులేసు వొక యింట్లో ఓబులరెడ్డి. ఇంకో యింట్లో ఓబులయ్య. వూరవతలి గుడిసెలో ఓబిగాడు. అరవై యేళ్ళ ముసలాయన్ని ఆరేళ్ళ పిల్లకాయ “ఒరే ఓబిగా” అని పిలవడం నేను చెవులారా విన్నాను. సిగ్గుపడవలసినవాళ్ళు మేము. సిగ్గుపడలేదు. ఆ ముసలాయన కొడుకు తన బిడ్డకి రాజశేఖర్ అని పెట్టుకుంటే, బడిలో మాస్టరు “రాజశేఖర్” అని నోరారా పిలవవలసివస్తే, అది పేరు కాదు, గెలుపు. ఆ తండ్రికి యీ వ్యాసం వర్తించదు. ఆయనకి నా నమస్కారం.

మరి నా తగాదా యెవరితో? పేరువల్ల యే అవమానమూ పడకుండానే సిగ్గుపడేవాళ్ళతో. కడుపు నిండినవాళ్ళతో. నాలాంటివాళ్ళతో.

“మీ కాలం వేరు మామా, లోకం మారింది. జనం స్టయిలు అడుగుతాండారు” అంటాడు మా అల్లుడు. లోకం యిప్పుడు మారిందేమీ కాదు నాయనా. మన ప్రొద్దుటూరికి దగ్గరే, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ అనే వూరుంది. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన రాతిమీద సుమారు 575వ సంవత్సరంనాటి తెలుగు శాసనం వుంది. దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని దాన్ని చెప్పుకుంటాం. అది వేయించిన రేనాటి చోళరాజు పేరేమిటి? ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. చూశారా! ముందర యింటిపేరువంటి నాటుపేరు, వెనక మహాభారతంలోంచి తెచ్చిన సంస్కృతం పేరు. సంస్కృతం మోజు మనకి పద్నాలుగు వందల యేళ్ళ నాటిది. కాకపోతే ధనంజయ అంటే యేమిటో ఆయనకి తెలుసు, చెక్కిన శిల్పికి తెలుసు, చదివినవాడికీ తెలుసు. పైగా ధనంజయుడు వచ్చాడని ఎరికల్ ముత్తురాజుని ఆయన గెంటేయలేదు. ఇద్దర్నీ వొకే రాతిమీద కూచోబెట్టాడు. మేము అది కూడా చేయం.

నక్షత్రాక్షరం సంగతి కూడా తేల్చుకుందాం. మా ప్రొద్దుటూరు వీధిలో వొకాయన మనవడు హస్తా నక్షత్రంలో పుట్టాడు. హస్తకి పు, ష, ణ, ఠ. పిల్లవాడిది మూడో పాదం. అంటే 'ణ'! తెలుగులో 'ణ'తో మొదలయ్యే మాట వొకటి చెప్పండి. ఆయన వారంరోజులు వెదికాడు. చివరికి 'న' పెట్టుకుని, పలికేటప్పుడు నాలుక కాస్త మడిచితే సరిపోతుందని సమాధానపడ్డాడు. పూర్వం యీ అక్షరం జన్మనామానికి మాత్రమే. దాన్ని జాతకంలో రాసుకుని పెట్టెలో పెట్టేవారు. పిలుచుకునే పేరు తాతదో, అవ్వదో, యింటి దేవుడిదో. ఇప్పుడు పెట్టెలోది వీధిలోకొచ్చింది, వీధిలోది చెత్తలోకి పోయింది. ఆపైన సంఖ్యాశాస్త్రంవారు వొకరు. ఇంగ్లీషు స్పెల్లింగులో యింకో రెండు 'ఏ'లూ, చివర వొక 'హెచ్'చూ తగిలిస్తే అదృష్టం తలుపు తడుతుందట! ఆ స్పెల్లింగు చూసి పేరు పలకలేక తలుపు దగ్గరే నిలబడిపోతుంది అదృష్టం.

పోనీ నక్షత్రమే ప్రమాణం అనుకుందాం. నరసింహస్వామి జన్మనక్షత్రం యేదో మీకు తెలుసా? స్వాతి! మా మనవడిదీ స్వాతే. అహోబిలం దేవుడి నక్షత్రాన పుట్టినవాడికి ఓబులేసు పనికిరాలేదు, పిల్లవాడి నక్షత్రం పేరైనా యెరగని సెల్‌ఫోను చెప్పిన పేరు పనికొచ్చింది. ఇదెక్కడి శాస్త్రం?

ఇది మనకొక్కరికే వచ్చిన జబ్బు కాదు. ఇంగ్లండు పక్కన వేల్స్ అని చిన్న దేశం వుంది. వాళ్ళ భాష వాళ్ళకుంది. 1536లో చేసిన చట్టంతో కచేరీల్లో ఆ భాష చెల్లకుండా పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో చాలా బళ్ళల్లో ఆ భాష మాట్లాడిన పిల్లవాడి మెళ్ళో కొయ్యముక్క వేలాడదీసేవారు. పేర్లూ ఇంగ్లీషువే అయ్యాయి. వూరంతా జోన్సులే. జోన్స్ అంటే జాన్ కొడుకు అని. ఎవరు యెవరో తెలియక పాల జోన్సు, రొట్టెల జోన్సు అని పిలుచుకునేవారు. మా వూళ్ళో మిట్టింటి ఓబులేసు, బాయికాడి ఓబులేసు వున్నట్టే!

అటువంటి చోట స్వాన్సీ పట్నంలో 1914లో, బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే వొక మాస్టరుగారికి కొడుకు పుట్టాడు. ఆయన తన జాతి పాతకథల పుస్తకం తీసి, అందులోంచి సముద్రపు అలకి పుట్టిన పిల్లవాడి పేరు యేరి పెట్టాడు. డిలన్. వెల్ష్ వాళ్ళు దాన్ని 'డులన్' అని పలుకుతారు. తల్లికి వొకటే బెంగ. ఇంగ్లీషులో 'డల్' అంటే మందబుద్ధి గదా, బడిలో పిల్లలు గేలి చేస్తారని! చూశారా, ఖండాంతరంలోనూ ఆ తల్లికి మన పులివెందుల భయమే. ఆ పిల్లవాడే పెద్దవాడై డిలన్ థామస్ అనే మహాకవి అయ్యాడు. పేరు లోకమంతా పాకింది. 2016లో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికా పాటగాడు పుట్టినప్పటి పేరు వదిలి పెట్టుకున్నది కూడా డిలన్ అనే పేరే. తర్వాత ఆ జాతివాళ్ళు ధైర్యం చేశారు. పాతకథల్లోని పేర్లు పైకి తీశారు. చాలకపోతే సొంతమాటలతో కొత్తవి కట్టుకున్నారు. 'కెరిస్' అని ఆడపిల్ల పేరు. వాళ్ళ భాషలో ప్రేమించడం అనే మాటలోంచి పుట్టించారు. కొత్త పేరే, కాని అర్థం కోసం పక్కింటికి పోలేదు. కొత్తపేరు నాకు శత్రువు కాదు, అబద్ధం పేరు శత్రువు. వెన్నెల అని పెట్టండి, మొల్ల అని పెట్టండి, చిగురు అని పెట్టండి. నేను అక్షింతలు పట్టుకుని ముందు వరసలో నిలబడతాను.

ఇక పేరువల్ల పైకి రారనే మాట. మా పులివెందుల వైపునుంచి మద్రాసు వెళ్ళిన వొకాయన నాగిరెడ్డి అనే పేరుతోనే స్టూడియో నడిపాడు, 1947లో చందమామ పెట్టి దేశంలో పిల్లలందరిచేతా చదివించాడు, 1986 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటులో ఆయన పక్కన నిలబడ్డ వడ్డె ఓబన్న పేరుని రేనాటివాళ్ళు యీనాటికీ తలుచుకుంటారు. తాళ్ళపాక తిమ్మక్కని తెలుగులో మొదటి కవయిత్రి అని పాఠాల్లో చెబుతాం, పరీక్షల్లో అడుగుతాం. మన యింట్లో పిల్లకి తిమ్మక్క అని పెట్టమంటే మాత్రం తేలు కుట్టినట్టు యెగురుతాం. ఇంగ్లీషువాడు తన నోరు తిరక్క 'కడ్డపా' అని రాసిపెట్టిపోతే, 2005లో ఆ స్పెల్లింగు మార్పించి కడప అని దిద్దించుకున్నాం. వూరికి సిగ్గు పోయింది. మనుషులకి యెప్పుడు పోతుందో!

ఇదంతా మర్నాడు పొద్దున ఉగ్గాని తింటూ మా వాళ్ళకి చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను. అల్లుడు చేయి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అడిగాడు:

“అంతా బాగుండాది మామా. మరి నువ్వెందుకు మార్చుకొంటివి పేరు?”

నట్టింట్లో యెవరూ నవ్వలేదు.

నిజమే. ప్రొద్దుటూరులో నన్నంతా ఉమేష్ అంటారు. రేషను కార్డులో ఉమేష్. పెళ్ళి శుభలేఖలో ఉమేష్. మా అమ్మాయి బడి రిజిస్టరులో తండ్రి పేరు ఉమేష్. నాకు యేదో బాల్యంలో ఓబులేసు అనే ముద్దుపేరు వుండేదని మా వాళ్ళ నమ్మకం. అది ముద్దుపేరు కాదని ఆ పొద్దున చెప్పవలసివచ్చింది.

నాకంటే ముందు పుట్టిన యిద్దరు అన్నలూ పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపుతో వున్నప్పుడు మా అమ్మ, బండి కట్టించుకునే స్తోమత లేక, జమ్మలమడుగు పక్క మా వూరినుంచి అహోబిలందాకా నడిచి పోయింది. బతికే బిడ్డనిస్తే నీ పేరే పెట్టుకుంటాను సామీ అని మొక్కుకుని వచ్చింది. నేను పుట్టాను. బతికాను. ఓబులేసు నయ్యాను.

1974లో ప్రొద్దుటూరులో వొక గుడ్డల అంగట్లో లెక్కలు రాసే పనికి చేరాను. “నీ పేరేందప్పా?” అని అడిగారు. ఎదురుగా కొత్త సినిమా పోస్టరు, చుట్టూ యిస్త్రీ చొక్కాలవాళ్ళు. ఉమేష్ అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరూ యెగతాళి చేయలేదు. ఎవరికీ పట్టలేదు కూడా. వట్టి సిగ్గు, అంతే.

మూడు నెలల తర్వాత వొకనాడు మధ్యాహ్నం బస్సుకి మా అమ్మ వచ్చిందట. గుడ్డలో జొన్నరొట్టెలు, చెనక్కాయల వూరిమిండి. వాకిట్లో నిలబడి, “నాయనా, మా ఓబులేసు ఉండాడా?” అని అడిగిందట. “ఆ పేరుతో ఈడ ఎవురూ లేరుమా” అన్నారట వాళ్ళు. వాళ్ళ తప్పు లేదు. ఆ పేరుతో అక్కడ నిజంగానే యెవరూ లేరు. నేను పైన మిద్దెలో లెక్కలు కూడుతున్నాను. ఆమె సాయంత్రందాకా బస్టాండు చెట్టు కింద కూచుని, ఆఖరి బస్సుకి వెళ్ళిపోయింది.

తర్వాత వారం నేను వూరికి వెళితే, “ఆ పేరోళ్ళు ఆడ ఎవురూ లేరంట గదరా!” అంది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. “వేరే అంగడికి పోయుంటావులేమా” అన్నాను. “అయ్యుంటాదిలే, నాకేం తెల్సు” అంది. 1991లో పోయేదాకా ఆమెకి నిజం చెప్పలేదు. ఆమె నడిచిన దారి పొడుగెంతో యీ డెబ్భయ్యో పడిలో మోకాళ్ళు నొప్పెడుతుంటే తెలుస్తోంది. నేను మూడక్షరాలకోసం ఆ దారిని రద్దు చేశాను.

పిల్లలకి పేరు వెదికే తల్లిదండ్రులతో నేను పోట్లాడేది అందుకు. జాబితా చూడండి, వద్దనను. కాని దాన్ని తెరిచేముందు యింట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి దగ్గర కూచుని వొక్క ప్రశ్న అడగండి: “అవ్వా, నీకు ఆ పేరు యెందుకు పెట్టినారు?” ఆమె చెప్పింది విన్నాక కూడా మీకు ఆ పేరు వద్దనిపిస్తే, సరే, మీ యిష్టం. వినకుండా మాత్రం వద్దనకండి. పూర్వమైతే బడిలో చేరేనాటికి అయ్యవారి పుణ్యమా అని పేరూ మారేది, పుట్టినతేదీ కూడా మారేది. ఇప్పుడట్లా కాదు. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ యేడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడికీ, లైసెన్సుకీ, వోటుకీ, ఉద్యోగానికీ ఆ జనన సర్టిఫికెట్టే ఆధారం. తొందరలో రాయించిన పేరు జీవితమంతా వెంట వస్తుంది.

మా యింట్లో యేమయిందని అడుగుతారా? ఇరవై ఒకటో రోజున బియ్యంలో రాసిన పేరు రేయాంశే. సర్టిఫికెట్టులో కూడా అదే. వాదంలో గెలిచి యింట్లో ఓడినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదు. అల్లుడు మంచివాడు, బంధువులందరికీ ముందే ఫోన్లు చేసి చెప్పేశాడు. కాదనలేకపోయాను.

కాని మొన్న అమ్మాయి ఫోను చేసింది. పిల్లవాడు యేడిస్తే మనవరాలు తొట్టి వూపుతూ, “ఓబులేసూ, ఏడవద్దురా ఓబులేసూ” అంటోందట. ఎవరెంత చెప్పినా ఆ రెండో పేరు పిలవదట. ఎందుకే అని అడిగితే, “దాని మీనింగ్ నాకు తెలుసు” అందట.

ఈ వ్యాసం కింద యేం పేరు వేయమంటారని సంపాదకులు అడగవచ్చు. ఉమేష్ అని వేయవద్దని మనవి. మా అమ్మ మళ్ళీ వచ్చి వాకిట్లో నిలబడి అడిగితే, ఉండాడు అని చెప్పేవాళ్ళు వొకరైనా వుండాలి.